చప్పిడి గ్రూపు

10 ఫిబ్రవరి 1964, గుంటూరు

ఆఫీసుకు చెందినవన్నీ ఫైల్లో రాస్తున్నాను. ఫైల్లో పట్టనివి రాసుకోవడానికి ఈ డైరీ. నేను తప్ప ఇంకెవరూ చదవరు కాబట్టి ఇందులో దాపరికం ఉండదు.

ఫార్మకాలజీలో పిహెచ్.డి. చేసి, ప్రభుత్వ ఔషధ పరిశోధనశాలలో పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్ సంపాదించినవాడు మా వంశంలో నేనొక్కణ్ణే. జిల్లా మొత్తానికీ నేనొక్కణ్ణే అయి ఉండాలి; కనుక్కోలేదు. నాతోటివాళ్ళు ఎలుకల మీదా కుందేళ్ళ మీదా పనిచేస్తుంటే, నన్ను మనుషుల మీద పనిచెయ్యమని సొంత జిల్లాకు పంపారు. విషయం ఒక్కటే. మిరపకారం తింటే కడుపులో ఆమ్లం పెరుగుతుందా, పెరగదా?

ఫెలోషిప్ జూన్‌తో అయిపోతుంది. పని బాగుంటే ఇంకో ఏడాది పొడిగిస్తారు. బాగుండకపోతే ఏమవుతుందో మా ఆవిడ సీతారత్నానికి చెప్పలేదు. నాకైనా తెలిస్తే కదా.

పద్ధతి తేలిక. కారం తినేవాళ్ళు కొందరు కావాలి. ఆరు వారాలు కారం ముట్టనివాళ్ళు కొందరు కావాలి. అందరి కడుపుల్లోంచీ రబ్బరు గొట్టంతో రసం తీసి పోల్చి చూడాలి. మొదట మిర్చి గోదాముల పక్కన గది తీసుకున్నాను. అక్కడ గాలి పీలిస్తేనే కారం తిన్నట్టు. తుమ్మి తుమ్మి, చివరికి పెదకాకాని వెళ్ళే దోవలో ఓ పెంకుటింటికి మారాను.

కారం గ్రూపుకు మనుషులు కావాలని పొద్దున చెప్పిస్తే మధ్యాహ్నానికి వీధంతా నిండిపోయింది. చప్పిడి గ్రూపుకు ఒక్కడూ రాలేదు.

12 ఫిబ్రవరి

ఒకడు వచ్చాడు. పేరు బుడాన్. గోదాముల్లో మిరపబస్తాలు మోసే మనిషి. ద్వారబంధం నిండా ఉన్నాడు.

"పోస్టు డాక్టరుగారంటే తమరేనా అండీ?"

"పోస్ట్ డాక్టరల్ ఫెలోని."

"అదేలెండి. మా తమ్ముడు బొంబాయి నుంచి మనియార్డరు కట్టాడు. ఇంకా రాలా. కాస్త కనుక్కుంటారా?"

పోస్ట్ డాక్టరల్ అంటే ఏమిటో మొదటినుంచి చివరిదాకా వివరించాను. శ్రద్ధగానే విన్నాడు.

"అయితే మీరు ఉత్తరాల డాక్టరూ కాదు, జొరాల డాక్టరూ కాదు. మరి దేనికి డాక్టరండీ?"

"మందులకు."

"మందులక్కూడా జబ్బు చేసుద్దా?"

వదిలేసి, చప్పిడి గ్రూపు సంగతి చెప్పాను. ఆరు వారాలు అనగానే అతని ముఖం మారిపోయింది.

"ఏం నేరం చేసినోళ్ళకండీ ఇది?"

రెండు పూటలా భోజనం, కూలి, బస్తా ఎత్తే పని లేదు అని చెప్పాక, నడుము పట్టుకుని కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. బయటికి వెళ్ళి మరో నలుగుర్ని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళలో దానయ్య అని చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు, ఇప్పుడు మిల్లు నడవక ఖాళీగా ఉన్నాడు. మాట తక్కువ మనిషి. ఒకటే అడిగాడు.

"ఉప్పు ఉంటదా?"

"ఉంటుంది."

"అయితే బతకొచ్చు."

లెక్కకు ఇంకొకరు తక్కువయ్యారు. ఆ ఒక్కణ్ణీ నేనే అవుతానన్నాను. పరిశోధకుడు ముందుండి నడిపించాలి. నాకు కారం మీద వ్యామోహం లేదు.

17 ఫిబ్రవరి

వంటకు కరీమున్ అనే ఆవిడ కుదిరింది. ఏభై దాటిన మనిషి. నిఖాలకూ పెళ్ళిళ్ళకూ వందలమందికి వండిన చెయ్యి. ఏం వండాలో చెబితే నడుం మీద చేతులు పెట్టుకుని విన్నది.

"కారం లేకుండా వండటమంటే వండకపోవటమే గదా డాక్టరు బాబూ. దానికి నేనెందుకు?"

మిరియాలూ వద్దన్నాను. అల్లమూ వద్దన్నాను. నన్ను చూసి జాలిపడ్డది.

"సరే, వండుతా. కానీ ఇది నా వంట అని నలుగురిలో అనొద్దు. డాక్టరు రాసిచ్చాడు, కరీమున్ కలిపింది, అంతే."

20 ఫిబ్రవరి

ఈ రోజు మొదలు. మధ్యాహ్నం భోజనం నేనూ మా గ్రూపువాళ్ళతోనే, కరీమున్ వడ్డన. సొరకాయ పప్పు, మజ్జిగ. ఈ భోజనం సంగతి మా అమ్మకు రాయలేదు. ఆవిడకు సైన్సు తెలియదు.

రాత్రి భోజనం ఇంట్లో. వెళ్ళేసరికి కారం డబ్బా, ఆవకాయ జాడీ రెండూ కనబడలేదు. రత్నం పక్కింటివాళ్ళకు ఇచ్చేసిందట. తను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. ఏదైనా మొదలుపెడితే సగంలో ఆపదు.

"మీరొక్కరే చప్పిడి తింటుంటే ఎదురుగా కూర్చుని నేనెట్లా కలుపుకుంటానండీ? నేనూ మానేస్తున్నా."

వద్దన్నాను. గట్టిగా అనలేదు.

22 ఫిబ్రవరి

చప్పిడి. బాగానే ఉంది. సొరకాయకు సొంతంగా ఒక రుచి ఉంటుందని ఇన్నాళ్ళూ గమనించలేదు.

24 ఫిబ్రవరి

సొరకాయ.

25 ఫిబ్రవరి

సొరకాయ గురించి నేను రాసింది తొందరపాటు.

27 ఫిబ్రవరి

కదలిక లేక భోజనం అరగడంలేదని సాయంత్రం వాకింగ్ మొదలుపెట్టాను. పెదకాకాని మలుపు దాకా వెళ్ళాను. అక్కడ సిలార్ అనే అతను మిరపకాయ బజ్జీల బండి పెట్టుకున్నాడు. ఫార్మకాలజీ దృష్టితో కాసేపు నిలబడి చూశాను. కాయను నిలువునా చీరుతాడు. లోపల వాము, చింతపండు గుజ్జు. పైన శనగపిండి. వాము జీర్ణానికి మంచిదని మన పెద్దలే చెప్పారు.

ఏమీ తినలేదు. వాసన చూడకూడదని పద్ధతిలో ఎక్కడా లేదు.

29 ఫిబ్రవరి

ఈ తారీఖు నాలుగేళ్ళకోసారి వస్తుంది. లెక్కలో లేని రోజు.

వాకింగ్‌కు వెళ్ళాను.

3 మార్చి

వాకింగ్. మా పరిశోధన శీర్షిక మళ్ళీ చదివాను. 'మిరపకారం' అని ఉంది. కారం అంటే ఎండు మిరపకాయల పొడి. పచ్చి మిరపకాయ కూరగాయ. బెండకాయ ఎలాగో అదీ అలాగే. సిలార్ ఉల్లిపాయ ముక్కల మీద కొంచెం పొడి చల్లుతాడు, తగ్గించమని చెప్పాను.

6 మార్చి

వాకింగ్.

7 మార్చి

వాకింగ్.

8 మార్చి

ఆదివారం, సెలవు. వాకింగ్.

10 మార్చి

చాలా బాధాకరమైన రోజు.

ఇవాళ చప్పిడి గ్రూపుకు గొట్టం పరీక్ష. ముక్కులోంచి సన్నటి రబ్బరు గొట్టం కడుపులోకి దించి, సిరంజితో రసం లాగాలి. బుడాన్‌కు గొట్టం వేస్తుంటే ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది. అంతా అయ్యాక గాజు గ్లాసులో చూస్తే అడుగున ఏదో కనబడుతోంది. పసుప్పచ్చని చిన్న గింజ.

"బుడాన్, ఇదేమిటి?"

వంగి చూశాడు. "వంకాయ గింజండీ."

"ఇన్నాళ్ళూ మనం సొరకాయే గదా తింటున్నాం."

"అయితే సొరగింజండీ."

"సొరగింజ ఇంత ఉంటుందా?"

మళ్ళీ వంగి చూశాడు. "పిందెదేమోనండీ."

అది మిరప గింజ. నిలదీస్తే పొద్దున వాళ్ళావిడ పెసరట్టులోకి పచ్చడి వేసిందనీ, మొగుడన్నాక పెళ్ళాం పెట్టింది వద్దనలేననీ ఒప్పుకున్నాడు. అందరినీ వరసగా కూచోబెట్టి నిజాయితీ గురించి మాట్లాడాను. సైన్సు నమ్మకం మీద నిలబడుతుందన్నాను. ఒక్కడు మాట తప్పితే మిగతావాళ్ళ కష్టమంతా వృథా అన్నాను. దానయ్య కళ్ళు దించుకున్నాడు. కరీమున్ వంటింటి గుమ్మంలో నిలబడి, "బాగా చెప్పారు బాబూ," అన్నది.

నాకూ ఇవాళే పరీక్ష. గొంతు కొంచెం గరగరగా ఉందని వాయిదా వేసుకున్నాను.

గొంతు బాగుపడాలని వాకింగ్‌కు వెళ్ళాను.

14 మార్చి

రత్నం చిక్కిపోయింది. తనకు కోపం వస్తే వంటలో తెలిసేది. ఇప్పుడు వంటలో ఏమీ తెలియక, కోపమంతా పిల్లల లెక్కల మీద పోతోంది. తరగతి మొత్తాన్ని నిలబెట్టిందట.

"మీ దగ్గర శనగపిండి వాసన వస్తోందేమిటండీ?"

"మార్కెట్ వీధిలోంచి వచ్చాను."

మార్కెట్ వీధిలోంచే వచ్చాను. ఆ వీధి వాకింగ్‌కు వెళ్ళే దోవలోనే ఉంది.

తను పెరుగన్నంలో ఉప్పు కలుపుకుని, కిటికీలోంచి పక్కింటివైపు చూస్తూ తిన్నది. వాళ్ళింట్లో ఆవకాయ జాడీ మూత తీసిన చప్పుడు నాకు కూడా వినిపించింది.

18 మార్చి

ప్రధాన లాబరేటరీ నుంచి ఉత్తరం. డిప్యూటీ డైరెక్టర్ డాక్టర్ దేవకుమారిగారు ఇరవైమూడున తనిఖీకి వస్తున్నారు. ఫెలోషిప్ పొడిగింపు ఆవిడ చేతుల్లోనే ఉంది. ఒంగోలు మనిషి. ఎలుక తోక వణికితే ఎందుకు వణికిందో రాయమనే రకం అని చెప్పుకుంటారు.

ఏమీ భయం లేదు. నా పని పద్ధతిగా ఉంది.

23 మార్చి

ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియడంలేదు.

మేడమ్ పొద్దున రావలసింది. రైలు ఆలస్యమై మధ్యాహ్నం దాటాక వచ్చారు. ముందు ట్రావెలర్స్ బంగళాలో ఫైళ్ళు చూస్తాననీ, దీపాలు పెట్టే వేళకు వచ్చి పరీక్ష చూస్తాననీ అన్నారు. మధ్యలో కొంత టైము దొరికింది. మనసు కుదుటపడుతుందని వాకింగ్‌కు వెళ్ళి వచ్చాను.

మేడమ్ సన్నగా పొడుగ్గా ఉంటారు. తెల్ల చీర, నల్ల ఫ్రేము కళ్ళద్దాలు. అందరినీ పేరుపేరునా పలకరించారు. తర్వాత గొట్టం పరీక్ష చూపించమన్నారు. నేను బుడాన్‌ను పిలిచాను. బుడాన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ముందు డాక్టరుగారు వేసుకుంటే తర్వాత నేను వేసుకుంటానమ్మా. ఆయన కూడా మా గ్రూపే గదా. ఇంతవరకూ ఒక్కసారీ వేసుకోలా."

మిగతావాళ్ళంతా అవునన్నారు. దానయ్య కూడా.

"అడిగినదాంట్లో తప్పేముంది?" అన్నారు మేడమ్. "కూర్చోవయ్యా జానకిరామయ్యా."

గొంతు గురించి చెప్పబోయాను. ఆవిడ అప్పటికే చేతులు కడుక్కుంటున్నారు. గొట్టం ఆవిడే వేశారు, ఆవిడే సిరంజి లాగారు. కరీమున్ లాంతరు ఎత్తి పట్టుకుంది. అందరూ చుట్టూ చేరారు. గ్లాసులోకి రసంతోపాటు ఒక గింజ వచ్చింది. దాని వెనక సన్నటి ఆకుపచ్చ తొక్క.

అందరూ గ్లాసుమీదికి వంగారు. చివరికి దానయ్య, రోజుకు రెండు మాటలు మించనివాడు, అన్నాడు.

"మిరప గింజ."

"ఏమిటయ్యా ఇది?" అన్నారు మేడమ్.

ముక్కులో గొట్టం ఉంది. మాట్లాడకుండా ఉండటానికి అంతకంటె మంచి కారణం దొరకదు. నేను గొట్టం బయటికి లాగి మరీ మాట్లాడాను.

"వంటింట్లో ఎక్కడో కలిసి ఉంటుంది మేడమ్."

కరీమున్ లాంతరు కింద పెట్టింది. లోపలికి వెళ్ళి గిన్నెలు బోర్లించిన చప్పుడైంది. చెయ్యి కడుక్కుని, కొంగు తలమీదికి లాక్కుని, నా వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

మేడమ్ ఏదో రాసుకున్నారు. గురువారం పొద్దున మళ్ళీ వస్తానన్నారు. అటునుంచి అటే గుడ్ ఫ్రైడేకు ఒంగోలు వెళతారట. ఆవిడ ఏమి రాసుకున్నారో కనబడలేదు. పెద్ద అక్షరాలు కావు.

24 మార్చి, పొద్దున

వంటింట్లో అన్నాను. కరీమున్ అని అనలేదు.

24 మార్చి, మధ్యాహ్నం

కరీమున్ రాలేదు. మావాళ్ళు భోజనానికి వచ్చి, పొయ్యి చూసి, నన్ను చూసి, వెళ్ళిపోయారు. బుడాన్ నమస్కారం కూడా పెట్టలేదు.

శాస్త్రపరంగా చూస్తే వంటింట్లో కలవడానికి అవకాశం ఉంది. ఉందని మాత్రమే అన్నాను.

24 మార్చి, సాయంత్రం

రత్నానికి ఎవరో చెప్పారు. వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మీరు తినేవి రెండు వంటిళ్ళు. మధ్యాహ్నం కరీమున్ వండుతుంది, రాత్రి నేను వండుతాను. వంటింట్లో కలిసిందన్నారట. ఏ వంటింట్లో?"

"ఫలానా అని అనలేదు."

"నా వంటింటిమీద ఎందుకు అనుమానం రాలేదండీ?"

ధైర్యం చాలక, అని నోటిదాకా వచ్చింది.

"మీరు బయట ఏమీ తినలేదు కదా?"

"నన్ను చూస్తే నీకెలా అనిపిస్తోంది?" అన్నాను.

ఇది అబద్ధం కాదు. ప్రశ్న.

వాకింగ్‌కు వెళ్ళలేదు.

25 మార్చి

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

సిలార్‌తో ఇక రానని చెప్పేద్దామని బయలుదేరాను. ఇంట్లోంచి కదలడానికే మనసు రాక, నా మామూలు వేళకంటె బాగా ఆలస్యంగా వెళ్ళాను. మలుపు తిరిగేసరికి బండి చుట్టూ జనం. దగ్గరికి వెళ్ళి చూస్తే బుడాన్. పక్కన దానయ్య. వాళ్ళ వెనక మిగతా ముగ్గురు. చప్పిడి గ్రూపు మొత్తం. అందరి చేతుల్లోనూ బాదం ఆకులు, ఆకుల్లో బజ్జీలు.

ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళం చూసుకున్నాం. బుడాన్ నోట్లో ఉన్నదాన్ని నమలాలో మింగాలో తెలియక అలాగే ఉంచుకున్నాడు.

సిలార్ నొచ్చుకున్నాడు. "ఇదేంటి డాక్టరుగారూ, తమరి వేళ ఇది కాదు గదా!"

"నా వేళేమిటి?"

"పొద్దు గుంకక ముందు తమరు. తమరు వెళ్ళాక వీళ్ళు. ఒకళ్ళ కంట ఒకళ్ళు పడితే మర్యాదగా ఉండదని నేనే సర్దుబాటు చేశా."

"అంటే నేను వస్తున్నట్టు వీళ్ళకు తెలుసా?"

"మొదటిరోజు నుంచీ తెలుసండీ," అన్నాడు బుడాన్, చివరికి మింగి. "తమరు సిగ్గుపడతారని చెట్టు చాటున నిలబడేవాళ్ళం. తమరు కొన్నిరోజులు ఇంకోటీ ఇంకోటీ అంటా చానాసేపు ఉండేవారు. మాకు ఆకలి దంచేసేది."

నిజాయితీ గురించి నేను చెప్పినప్పుడు దానయ్య కళ్ళు ఎందుకు దించుకున్నాడో ఇప్పుడు తెలిసింది. తనకు సిగ్గేసి కాదు. నాకు సిగ్గేస్తుందని.

"మేం తిన్నాం. తమరు తిన్నారు," అన్నాడు దానయ్య. "ఆయమ్మ ఏం చేసింది?"

ఇంత పొడుగు మాట అతను మాట్లాడటం వినలేదు.

అందరం కలిసి కరీమున్ ఇంటికి వెళ్ళాం. వసారాలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసినా చాట ఆపలేదు.

"తప్పు నాదేనమ్మా," అన్నాను. "రోజూ బజ్జీలు తిన్నాను. నీ వంటింట్లో ఏమీ కలవలేదు."

"నాకు తెలవదా?" అన్నది. "ఈ నెల రోజులూ నేను మిరపకాయ ముట్టుకోలా డాక్టరు బాబూ. మీ వంటింట్లోనే కాదు, నా ఇంట్లో కూడా. ఇక్కడ ముట్టుకున్న చెయ్యి అక్కడ పప్పులో పెడితే మీ సదువంతా పాడైపోతదని. మా అల్లుడు భోజనానికొచ్చి, చప్పిడి కూర పెట్టానని అలిగి పోయాడు. మా కూతురు ఖుర్షిదాని తీసుకుని మరీ పోయాడు. ఏం చెప్పను వాడికి? పోస్టు డాక్టరు కోసమని చెప్పనా?"

బుడాన్ నవ్వబోయి మానుకున్నాడు.

"క్షమించు. రేపటినుంచి వంటకు రా."

"ఇక్కడికొచ్చి గోడలకి చెబితే ఏం లాభం? అన్నది ఎక్కడ? ఆ పెద్దమ్మగారి ముందర, పదిమందిలో. అక్కడే తీసేసుకోవాల ఆ మాట. అప్పుడొస్తా."

రేపు మేడమ్ ముందు ఈ మాట చెబితే ఫెలోషిప్ ఉండదు. చెప్పకపోతే ఉండవచ్చు. దోవ పొడుగునా రెండూ బేరీజు వేశాను. ఇంటికి వచ్చాక ముందు రత్నానికి చెప్పాను. 29 ఫిబ్రవరి నుంచీ, అన్నీ.

తను ఏమన్నదో రాయను.

26 మార్చి

మేడమ్ వచ్చేసరికి పెంకుటింటి ముందు అందరూ ఉన్నారు. కరీమున్ గుమ్మం బయటే నిలబడింది, లోపలికి రాకుండా. పిలవకుండానే రత్నం వచ్చి స్టూలు మీద కూర్చుంది. సిలార్ బండి తోలుకొచ్చాడు, సాక్ష్యానికి.

"మేడమ్, సోమవారం నేను చెప్పింది అబద్ధం," అన్నాను. "కరీమున్ వంటలో కారం లేదు. నేను బయట తిన్నాను."

"ఎన్నిసార్లు?"

"రోజూ."

బుడాన్ ముందుకొచ్చాడు. "మేం కూడా తిన్నామమ్మా. ఆయన ఒక్కడిదే కాదు తప్పు. చెప్పాలంటే మేమే ఆయనకంటె ఎక్కువ తిన్నాం."

"అది నిజం కాదు," అన్నాడు సిలార్. "డాక్టరుగారే ఎక్కువ."

మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. ఆవిడ భుజాలు కదులుతున్నాయి.

"అంటే ఏమయ్యా, గుంటూరు మొత్తం మీద కారం తినకుండా ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. నీకు పోల్చి చూడటానికి కంట్రోలు గ్రూపే లేదు."

"నేనున్నాను," అన్నది రత్నం. "మొదలుపెట్టిన రోజునుంచి ముట్టుకోలేదు. నాకు వెయ్యండి గొట్టం."

వద్దన్నాను. ఈసారి గట్టిగానే అన్నాను. వినలేదు. మేడమ్ గొట్టం వేస్తుంటే కుర్చీ చేతులు పట్టుకుని కదలకుండా కూర్చుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా నా ముఖంమీంచి చూపు తిప్పలేదు. గ్లాసులో తేటగా, ఒక్క నలుసు లేకుండా వచ్చింది. పరీక్ష చేసి చూశాం. ఆమ్లం బుడాన్‌కు ఎంత ఉందో తనకూ అంతే ఉంది. పైపెచ్చు ఒక పిసరు ఎక్కువ.

"కారం తినకపోతే మరి ఎందుకొచ్చిందమ్మా అంత?" అన్నాడు బుడాన్ ఆశ్చర్యంగా.

"మొగుడున్నాడుగా," అన్నది కరీమున్ గుమ్మం బయటినుంచి.

మేడమ్ ఈసారి దాచుకోలేదు. నవ్వు ఆగాక నా వైపు తిరిగారు.

"ఒక్క మనిషితో ఏదీ తేలదు. ఇప్పటిదాకా రాసిందంతా కొట్టెయ్. ఎందుకు కొట్టేశావో కూడా రాయి, నీ సంగతితో సహా. మళ్ళీ మొదటినుంచి చెయ్యి. గొట్టంలో నలుసు వస్తే మాత్రం జూన్ దాకా కూడా ఉండవు. ఆవిణ్ణి అడిగి వంటకు పిలుచుకో. రానంటే నీ ఖర్మ."

కరీమున్ లోపలికొచ్చి పొయ్యిలో బూడిద తీసింది.

మేడమ్ రిక్షా ఎక్కబోతూ బండి దగ్గర ఆగారు. "నాకో రెండు కట్టు," అన్నారు సిలార్‌తో. "నేను ఏ గ్రూపులోనూ లేను."

30 మార్చి

మళ్ళీ మొదలు. బుడాన్, దానయ్య, మిగతావాళ్ళు ఆరు వారాలూ పెంకుటింట్లోనే పడుకుంటారు. గేటుకు కరీమున్ కాపలా. సిలార్ బండి బస్టాండువైపు మార్చుకున్నాడు. మామీద కోపంగా ఉన్నాడని విన్నాను.

రాత్రి భోజనానికి కూర్చున్నాను. ఆవకాయ జాడీ పక్కింటినుంచి తిరిగి వచ్చింది. రత్నం నాకు సొరకాయ వడ్డించింది. తన కంచంలో వేడన్నం, ఆవకాయ, నెయ్యి. నాకు ఎదురుగా కూర్చుని, ఎర్రగా కలిపి, నెమ్మదిగా తిన్నది.

5 ఏప్రిల్

సొరకాయ. ఎదురుగా ఆవకాయ.

13 ఏప్రిల్

ఉగాది. పచ్చడిలో కారం వెయ్యకూడదు కాబట్టి నాకు అయిదు రుచులే. రత్నానికి ఆరు.

21 ఏప్రిల్

కరీమున్ అల్లుడు ఖుర్షిదాతో కలిసి వచ్చాడు. అలక తీరిందో, చప్పిడి గ్రూపు అంటే ఏమిటో చూద్దామని వచ్చాడో తెలియదు. మాతోపాటు కూర్చుని ఒక ముద్ద తిన్నాడు. లేచి అత్తగారికి వంగి సలాం పెట్టాడు.

2 మే

వాకింగ్‌కు వెళ్ళాను. బస్టాండువైపు కాదు.

రత్నం కూడా వచ్చింది. నామీద నమ్మకం లేక అనుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు తనే, "ఇంకెన్నాళ్ళండీ?" అని అడిగింది. పదకొండో తారీఖుతో ఆఖరు అన్నాను. "పాపం," అన్నది. పెళ్ళయిన తర్వాత ఆ మాట నా గురించి అనడం ఇదే మొదలు.

11 మే

అందరికీ గొట్టం పరీక్ష. ముందు నేనే వేసుకున్నాను. తేట. బుడాన్ తేట. దానయ్య తేట. ఒక్కరికీ ఒక్క నలుసు లేదు. కరీమున్ గ్లాసులన్నీ వెలుగులో పెట్టి తనే చూసింది, పెళ్ళిలో పాయసం చూసినట్టు.

ఆమ్లం: కారం గ్రూపుకు ఎంతో చప్పిడి గ్రూపుకూ అంతే. మూడుసార్లు చూశాను. తేడా లేదు.

"అంటే, తిన్నా తినకపోయినా ఒకటేనా అండీ?" అన్నాడు బుడాన్.

"ఒకటే."

గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

రాత్రి రత్నం నా కంచంలో ఆవకాయ వేసి, తనే కలిపి ముందు పెట్టింది. నేను తింటున్నంతసేపూ విసురుతూ కూర్చుంది. రెండోసారి అడగకుండానే వేసింది.

16 మే

రిపోర్టు పంపాను. బజ్జీలు, సోమవారం అబద్ధం, అన్నీ అందులో ఉన్నాయి. రత్నం చదివి, ఒక చోట తారీఖు తప్పు దిద్దింది.

19 జూన్

మేడమ్ దగ్గరనుంచి ఉత్తరం. తేడా లేదని తేలడం కూడా ఫలితమేనన్నారు. ఫెలోషిప్ ఇంకో ఏడాది పొడిగించారు. చదివి రత్నానికి ఇచ్చాను. తను రెండుసార్లు చదివి, మడతపెట్టి, దేవుడి దగ్గర పెట్టబోయి, మళ్ళీ విప్పింది.

"కింద ఇంకో పేరా ఉందండీ."

కొత్త విషయం: పులుపు. చింతపండు తినేవాళ్ళు ఒక గ్రూపు. ఆరు వారాలు చింతపండు ముట్టనివాళ్ళు ఒక గ్రూపు. రెండో గ్రూపుకు నేను నాయకత్వం వహిస్తే బాగుంటుందని మేడమ్ అభిప్రాయం.

బుడాన్‌కు చెబితే వాళ్ళ తమ్ముణ్ణి చూడటానికి బొంబాయి వెళుతున్నానన్నాడు. దానయ్య చిలకలూరిపేటలో జిన్నింగు మొదలైందన్నాడు. ఈ నెలలో పత్తి ఎక్కడుందో నాకు తెలియదు. కరీమున్ ఒక్కతే నిదానంగా విన్నది.

"చింతపండు వద్దు. సరే. మరి గోంగూర?"



20 జూన్

ఉత్తరం మళ్ళీ చదివాను. చింతపండు అనే ఉంది. గోంగూర పేరు ఎక్కడా లేదు. జాగ్రత్తగా ఆలోచిస్తే, అది ఆకుకూర.